లెగ్గీ మొక్క అంటే ఎక్కువ పెరిగినదా, బక్కచిక్కినదా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. జూన్‌లో బాల్కనీలో ట్రే పెట్టి టమాటా, మిరప విత్తనాలు వేశారు. మూడు వారాలు తిరిగేసరికి టమాటా జానెడు, మిరప బెత్తెడు లేచి, పక్కకు వాలిపోయాయి. ఫొటో చూసినవాళ్లు ‘లెగ్గీ అయిపోయాయి’ అన్నారు. నిఘంటువు తీస్తే ఒకచోట ‘అతిగా పెరిగిన’ అని, ఇంకోచోట ‘బక్కచిక్కిన’ అని ఉంది. ఒకే మాటకు ఈ ఎదురెదురు అర్థాలేమిటి, మనుషులకు కూడా వాడొచ్చా, ఆ నారు పనికొస్తుందా పారేయాలా అని అడిగారు.

అవి ఎదురెదురు అర్థాలు కావు. మీ ట్రేలో ఉన్న మొక్కలు రెండూనూ. పొడుగులో అతిగా పెరిగాయి, లావులో చిక్కిపోయాయి. గింజలో ఉన్న బలం, మొదటి ఆకులు సంపాదించిన కొంచెం, అంతా కాడ సాగడానికే ఖర్చయిపోయింది. వేరుకూ ఆకుకూ మిగల్లేదు. అందుకే ఎత్తు చూసి బాగా పెరిగిందనుకున్న మొక్కే నాలుగు రోజుల తర్వాత నిలబడలేక పడిపోతుంది.

ఇంగ్లిష్ మాట పుట్టింది ‘లెగ్’ నుంచే, అంటే కాలు. ఆకులన్నీ పైన ఎక్కడో గుప్పెడు, కింద అంతా ఉత్త కాడ. కాళ్లే ఉన్నాయి, ఒళ్లు లేదన్నమాట. మన నర్సరీల్లో ఇంత హంగు లేదు, ‘నారు సాగిపోయింది’ అంటారు. నన్నడిగితే ‘లెగ్గీ’కి ఇంతకంటే మంచి తెలుగు అక్కర్లేదు. చాలామంది దీన్ని ‘ఏపుగా పెరిగిన’ అని రాస్తున్నారు, అది తప్పుదారి. ఏపుగా అనేది మెచ్చుకోలు. కాడ లావుగా, ఆకు ముదురుపచ్చగా, కణుపు కణుపుకీ చిగురుతో ఉన్న మొక్కను ఏపుగా ఉందంటాం. ఇంకొందరు ‘గిడసబారిన’ అంటారు. అది పూర్తిగా వేరే జబ్బు. గిడసబారిన మొక్క ఎదుగుదల ఆగి కురచగా ఉండిపోతుంది, సాగిన మొక్క ఆగకుండా పైకి పోతూ ఉంటుంది. మందు దుకాణంలో ఈ రెండూ కలిపి చెబితే అతను తప్పు మందు ఇస్తాడు. గిడసకు బలం మందు పనిచేయవచ్చు, సాగినదానికి అదే మందు పోస్తే ఇంకో బెత్తెడు సాగుతుంది.

దగ్గరి మాటలు ఇంకొన్ని వింటారు. ‘స్పిండ్లీ’ అంటే కాడ పుల్లలా సన్నబడిందని, దృష్టంతా సన్నదనం మీదే. ‘స్ట్రాగ్లీ’ అంటే కొమ్మలు తలో దిక్కుకీ చిందరవందరగా పోయాయని. ‘వీడీ’ మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. తోటను అంటే కలుపు పట్టిందని, మనిషిని అంటే బక్కప్రాణి, ఊదితే పడిపోయేలా ఉన్నాడని. మనుషుల విషయానికొస్తే, పదో తరగతిలో ఒక్కసారిగా తాడిలా ఎదిగిన కుర్రాణ్ని ఇంగ్లిష్‌లో ‘ల్యాంకీ’ అంటారు. ఆ కాళ్లూ చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తడబడుతుంటే ‘గ్యాంగ్లీ’ అంటారు. ‘లెగ్గీ’ అప్పుడే పుట్టిన గుర్రప్పిల్లకి బాగా నప్పుతుంది, దాని ఒంటికి మించిన కాళ్లుంటాయి. ఆడవాళ్ల గురించి వాడితే అది ఒంటి మీద వ్యాఖ్య అవుతుంది. సినిమా పేజీల్లో కనిపించింది కదా అని ఆఫీసులో అనకండి. మాట సంగతి ఇంతే. అసలు విషయం మొక్కలో ఉంది.

ఎత్తు చూసి తీర్పు చెప్పొద్దు. ఒక మొక్కను మట్టితో సహా తీసి అరచేతిలో పెట్టుకోండి. గింజ చీల్చుకుని వచ్చిన మొదటి జత ఆకులు, నునుపుగా కోలగా ఉంటాయి చూడండి, వాటికింద మట్టిదాకా ఎంత కాడ ఉంది? టమాటాలో రెండు మూడు వేళ్ల మందం దాటితే అది మొదటి మూడు నాలుగు రోజుల్లోనే సాగిందని అర్థం. ఆ భాగం పొట్టిగా ఉండి, పై కణుపుల మధ్య ఎడం పెరుగుతూ పోతే మొదట్లో వెలుతురు సరిపోయింది, తర్వాత మొక్కలు ఒకదాన్నొకటి నొక్కుకున్నాయన్నమాట. కాడ రంగూ చూడండి. ఎండలో పెరిగిన టమాటా కాడ నూగుతో, మొదలు దగ్గర ఊదారంగు జీరతో గట్టిగా ఉంటుంది. సాగిన కాడ వెలిసిపోయిన పచ్చరంగులో, వెలుగుకు అడ్డంపెడితే లోపలి నీరు కనబడేంత పల్చగా ఉంటుంది. మీ ఫొటోలో మొదటి జత ఆకుల కింది కాడే సాగినట్టు కనిపిస్తోంది, అంటే తప్పు మొలిచిన వారంలోనే జరిగింది.

కారణం వెలుతురు. ‘మా బాల్కనీ బోలెడు వెలుతురండీ’ అని మీరూ రాశారు, అందరూ అదే అంటారు. మన కన్ను ఇక్కడ మోసం చేస్తుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు, నడి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అదే వేళకి గదిలో, కిటికీకి నాలుగైదు అడుగుల లోపల, కొన్ని వందలకు మించదు. కంటిపాప విచ్చుకుని సర్దుకుంటుంది కాబట్టి రెండు చోట్లా మనం హాయిగా పేపర్ చదువుకుంటాం. మొక్కకు ఆ సర్దుబాటు లేదు. ఫోన్‌లో లక్స్ చూపించే యాప్ వేసుకుని ట్రే ఉన్నచోటా, డాబా మీదా కొలిచి చూడండి. అంకె కచ్చితంగా రాకపోయినా తేడా మాత్రం కళ్లకు కడుతుంది.

బాల్కనీ ఏ దిక్కుకుందో మీరు రాయలేదు గానీ, దక్షిణం అయితే ఒక సంగతి. చలికాలంలో దక్షిణపు బాల్కనీ అంత మంచిది ఇంకోటి లేదు, ఎండ గదిలోకి కూడా వస్తుంది. కానీ హైదరాబాద్, విజయవాడ అక్షాంశాల్లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. పై అంతస్తు స్లాబు నీడ తోడైతే సరిగ్గా మనం నారు పోసుకునే జూన్‌లో ఆ బాల్కనీకి నేరుగా ఎండ పడదు. జనవరిలో అక్కడే బంగారంలా వచ్చిన నారు జూన్‌లో సాగిపోయిందంటే విత్తనాన్ని తిట్టకండి.

నీడ ఒక్కటే కాదు, పక్క మొక్క కూడా కారణమే. ఆకులు ఎర్రటి కాంతిని తాగేస్తాయి, దాని అంచునే ఉండి మన కంటికి దాదాపు ఆనని దూర ఎరుపును వదిలేస్తాయి. మొక్కలో ఫైటోక్రోమ్ అనే ప్రొటీన్ ఈ రెండింటి పాళ్లు కనిపెడుతూ ఉంటుంది. దూర ఎరుపు పాలు పెరిగిందంటే పక్కన పోటీదారు ఉన్నాడని లెక్క. ఇంకా నీడ పడకముందే, పక్కవాళ్ల ఆకుల మీంచి తిరిగొచ్చిన కాంతికే మొక్క కాడ సాగదీయడం మొదలుపెడుతుంది. అడవిలో ఇది బతికించే తెలివి, తల పైకెత్తినవాడికే ఎండ. ట్రేలో అన్నీ ఒకేసారి ఆ తెలివి చూపిస్తే అన్నీ కలిసి పడిపోతాయి. ఒక్కో గుంటకి మూడేసి గింజలు వేసి, జాలిపడి ఏదీ పీకకుండా వదిలేశారు చూడండి, సగం సమస్య అక్కడుంది.

సాగదీసే పని లోపల చేసేవాటిలో ముఖ్యమైన హార్మోన్ జిబ్బరెల్లిన్. దీని కథ వరి రైతులకు బాగా దగ్గరిది. జపాన్‌లో నారుమళ్లలో కొన్ని మొక్కలు ఉన్నట్టుండి మిగతావాటికంటే ఎత్తుగా, పాలిపోయి, సన్నగా లేచి, వెన్ను వేయకుండానే చచ్చిపోయేవి. అక్కడివాళ్లు దాన్ని ‘బకానే’ అన్నారు, అంటే తెలివితక్కువ నారు. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త తైవాన్‌లో పనిచేస్తూ, ఆ తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని పెంచిన ద్రవాన్ని వడకట్టి ఆరోగ్యంగా ఉన్న నారు మీద వేస్తే అదీ అలాగే సాగుతోందని చూపించాడు. అంటే శిలీంధ్రం వదిలే పదార్థమే సాగదీస్తోంది. 1935లో యబుటా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. ఆ పదార్థాన్ని మొక్కలు తమంతట తామే తయారు చేసుకుంటాయని తర్వాత తేలింది. ఇప్పటికీ మన దేశంలో, ముఖ్యంగా ఉత్తరాది బాస్మతి పొలాల్లో, బకానే తెగులు ఉంది. అతిగా పెరగడం, బక్కచిక్కడం ఒకే మొక్కలో ఎలా కలుస్తాయో దానికంటే బాగా చూపించేది లేదు.

ఇక తిరగేసి చూడండి. పాతకాలపు పొడుగు వరి రకాలకు యూరియా తగిలిస్తే కాడ సాగి, గింజ పాలు పోసుకునే వేళకి పైరు నేలకు ఒరిగేది. 1966లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ విడుదల చేసిన ఐఆర్-8 పొట్టి రకం. తైవాన్ నుంచి తెచ్చిన పొట్టి వరిని ఇండోనేషియా పొడుగు రకం ‘పెటా’తో కలిపి చేశారు. మన పశ్చిమ గోదావరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967 ప్రాంతంలో దాన్ని పండించి, చుట్టుపక్కల రైతులకు విత్తనం అందించారు. ఆ పొట్టిదనం ఎక్కడిదో 2002లో జన్యువు స్థాయిలో తేలింది. జిబ్బరెల్లిన్ తయారీలో ఒక మెట్టు దగ్గర పని మందగించడమే. హార్మోన్ పొంగితే బకానే, తగ్గితే ఐఆర్-8. నారు సాగకుండా మనం బాల్కనీలో చేసేదంతా ఈ హార్మోన్‌కి పని తగ్గించడమే, అదీ మందు లేకుండా, వెలుతురుతో.

ఇప్పుడు మీ మొక్కల సంగతి. ఒకసారి సాగిన కాడ మళ్లీ కురచబడదు, ఎంత ఎండలో పెట్టినా ఆ ముక్క అలాగే ఉంటుంది. ఇకమీద వచ్చేది గట్టిగా వచ్చేలా చూడడం, సాగిన భాగానికి దన్ను ఇవ్వడం, ఇంతే మన చేతిలో ఉన్నది.

టమాటా అదృష్టవంతురాలు. దాని కాడ మీద నూగు మధ్యలో సన్నటి బుడిపెలు కనిపిస్తాయి, అవి వేర్లు కాగలవు. కాబట్టి కాడను లోతుగా పూడ్చేయొచ్చు. నాటే ముందు ఒక పూట నీళ్లు ఆపండి, కాడ కాస్త వడలి వంగుతుంది, లేకపోతే పుటుక్కున విరుగుతుంది. మొక్కను కాడ పట్టుకుని ఎత్తకండి, ఆకు పట్టుకుని ఎత్తండి. ఆకు పోతే ఇంకోటొస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. కింది జత ఆకులు గిల్లేసి, లోతైన సంచిలో అసలు ఆకుల (మొదటి జత తర్వాత వచ్చేవాటి) కిందిదాకా పూడ్చండి. సంచి లోతు లేకపోతే కాడను ఏటవాలుగా పడుకోబెట్టి, తల మాత్రం బయటికి ఉంచి మట్టి కప్పండి, రెండు రోజుల్లో తల తనంతట తనే నిటారుగా లేస్తుంది. మట్టి బురదగా ఉంచారంటే మాత్రం నారుకుళ్లు తెగులు పట్టుకుంటుంది. మట్టి మట్టం దగ్గర కాడ నల్లబడి, దారంలా సన్నబడి, ఉదయం లేచేసరికి అడ్డంగా పడిపోయి ఉంటుంది. వేలు పెట్టి చూసి పైమట్టి ఆరాకే నీళ్లు.

మిరపకు ఈ ఉపాయం అంతగా పనిచేయదు. మొదటి ఆకుల కిందిదాకా ఒక వేలు లోతు ఎక్కువ పూడిస్తే చాలు. పక్కన చీపురుపుల్ల గుచ్చి నూలుదారంతో వదులుగా కట్టండి. ఆరేడు అసలు ఆకులు వచ్చాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, కాపు పది రోజులు వెనకబడినా మొక్క నిలబడుతుంది. వంగ కూడా ఇంచుమించు ఇంతే. బీర, సొర, దోస సాగిపోతే మొహమాటపడకుండా తీసేసి మళ్లీ గింజ పెట్టండి, వారంలో మొలిచేవాటికి ఈ సేవలన్నీ దండగ. బొప్పాయి మొక్కను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లోతుగా నాటొద్దు, మొదలు కుళ్లుతుంది.

నాటిన మర్నాడే డాబా మీద నడి ఎండలో పెట్టారంటే ఆకులు తెల్లగా బొబ్బలెక్కిపోతాయి. నీడకు అలవాటైన ఆకు అంత ఎండ తట్టుకోలేదు. మొదట ఉదయపు ఎండ గంటసేపు, తర్వాత రోజూ ఇంకాస్త పెంచుతూ వారం పది రోజుల్లో పూర్తి ఎండకు తీసుకురండి. ప్రోట్రేల్లో మిరప నారు పెంచేవాళ్లు కూడా పొలానికి పంపే ముందు షేడ్‌నెట్ తీసి, నీళ్లు తగ్గించి ఇలాగే గట్టిపరుస్తారు. ఆ పని ఎగ్గొట్టి, పచ్చగా పొడుగ్గా కనిపిస్తే రైతు ఇష్టపడతాడని నెట్ కిందే ఉంచి అమ్మేవాళ్లూ ఉన్నారు. నారు కొనేటప్పుడు పొట్టిగా, కాడ లావుగా ఉన్న ట్రే అడిగి తీసుకోండి, ధర ఒకటే.

గాలి కూడా మందే. కదలని మొక్క సాగుతుంది, గాలికి ఊగే మొక్క కాడ లావెక్కుతుంది. లోపల పెంచాల్సివస్తే చిన్న ఫ్యాన్ నెమ్మదిగా తగిలేలా పెట్టండి, లేదా పొద్దునా సాయంత్రం అరచేత్తో నారు తలల మీద పది పన్నెండుసార్లు మెల్లగా నిమరండి. వినడానికి వేళాకోళంలా ఉన్నా ఇది పరిశోధనల్లో తేలిన సంగతే. తాకిడికి మొక్క పొడుగు తగ్గించుకుని కాడ బలపరుచుకుంటుంది. ఆకులు తడిగా ఉన్నప్పుడు మాత్రం నిమరకండి, ఒకదాని తెగులు అన్నింటికీ అంటుతుంది.

మళ్లీ నారు పోస్తే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తేమ కోసం ట్రే మీద కవరో మూతో వేస్తారు కదా, మొలక తల ఎత్తినట్టు కనిపించిన రోజే అది తీసేయాలి. ‘అన్నీ మొలిచాక తీద్దాం’ అని రెండు రోజులు ఆగితే ముందు మొలిచినవి ఆ వెచ్చటి చీకట్లో సాగిపోతాయి. మొదటి జత ఆకులు విప్పుకోగానే గుంటకి ఒక్కటి ఉంచి మిగతావి కత్తెరతో మొదలు దగ్గర కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. యూరియా, పలచన చేసిన పిండి కషాయాలు మొదటి రెండు వారాలు దగ్గరికి రానీయకండి.

పొలంలో ఇదే బాధ ఇంకో రూపంలో వస్తుంది. కాలువ నీళ్లు ఆలస్యమై నారుమడిలో నారు ముదిరిపోతే, పొడుగ్గా సాగిన ఆ నారును కొనలు తుంచి, కుదురుకు మామూలు కంటే ఎక్కువ మొక్కలు పెట్టి, దగ్గర దగ్గరగా నాటమని చెబుతారు. ముదురు నారు పిలకలు తక్కువ వేస్తుంది, అందుకే ఆ దగ్గరదనం. కొనలు తుంచడంలో ఇంకో లాభం ఉంది. కాండం తొలుచు పురుగు గుడ్లు ఎక్కువగా ఆకు కొనల్లోనే పెడుతుంది, అవీ పోతాయి. పత్తిలో అయితే వానలు, నత్రజని కలిసొచ్చి చేను నిలువెత్తు పెరిగి కాయ పట్టకపోవడం చూస్తుంటాం. అక్కడ తలలు తుంచుతారు, లేదా మెపిక్వాట్ క్లోరైడ్ కొడతారు. అది జిబ్బరెల్లిన్ తయారీని అడ్డుకునే మందు, బాల్కనీలో దాని అవసరం లేదు.

సాగడం అన్నిచోట్లా చెడ్డేమీ కాదు. పెళ్లిలో అంకురార్పణకు పాలికల్లో నవధాన్యాలు పోసి ఇంట్లోనే ఉంచితే మొలకలు పసుపుపచ్చగా, పొడుగ్గా లేచి ముచ్చటగా ఉంటాయి. వాటిని ఎవరూ పంటకు నాటరు కదా. ద్రాక్ష రైతులు గుత్తి సాగి పండ్లకు చోటు దొరకాలని జిబ్బరెల్లిన్‌నే కొని పిచికారీ చేస్తారు.

చివర్లో ‘మా తులసి కూడా ఇలాగే కాళ్లేసుకుంది’ అని రాశారు. దానికి వెలుతురు లోటు కంటే కత్తెర లోటు ఎక్కువ. కొమ్మ కొన ఉన్నంతసేపూ అక్కణ్నుంచి దిగే ఆక్సిన్ అనే హార్మోన్ కింది మొగ్గలను నిద్రలోనే ఉంచుతుంది. పూత కంకులు వచ్చినవి వచ్చినట్టు తుంచేస్తూ, ప్రతి కొమ్మనీ ఒక జత ఆకులకు కాస్త పైన కత్తిరించండి. ఆ రెండు ఆకుల చంకల్లోంచీ రెండు కొమ్మలు వస్తాయి. మొదలంతా చెక్కబారి ఒక్క ఆకూ లేకపోతే మాత్రం అంత కిందికి కోయకండి, పచ్చి చిగురు ఉన్న చోటే ఆగండి. ఉత్త చెక్క నుంచి తులసి సరిగ్గా చిగురించదు. కోసిన లేత కొమ్మల్లో పూత లేనివి నాలుగు ఎంచి, కింది ఆకులు తీసి గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేర్లు వస్తాయి. వాటిని తెచ్చి అదే కుండీలో పాత మొక్క చుట్టూ నాటుకోండి, కింద బోసిగా ఉన్నచోటు నిండుతుంది.